తొణుకు

ఆంతెప్ రాగి బజారులో పొద్దున్నుంచీ సుత్తులే.
నా బల్ల మీది టీ గ్లాసులో
దెబ్బ దెబ్బకీ సన్నటి వలయాలు లేస్తాయి,
ఈగ వాలి ఎగిరినంత.
రోజుకి ఇన్ని వేల దెబ్బలు,
ఒక్క బొట్టు బయటికి రాదు.
సుత్తిది మరీ తొందర.
టీకి ఆ తొందరతో పని లేదు.

అదే గ్లాసు పట్టుకుని పక్క కొట్టుదాకా నడిచి చూడండి.
మూడో అడుగుకి ఉలిక్కిపడుతుంది,
ఐదో అడుగుకి అంచెక్కుతుంది,
ఏడో అడుగుకి మీ వేలు కాలుతుంది.

మెమిక్ ఉస్తా కూతురు ఫెరీదె
ఇంజనీరింగు సెలవులకి వచ్చి
ఫోన్లో తీసిన వీడియోని నెమ్మదిగా నడిపి చూపించింది.
ప్రతి పాత్రకీ తనదైన ఊపు ఒకటి ఉంటుందట.
నడుము సన్నం చేసుకున్న ఈ టీ గ్లాసుకి
సెకనుకి నాలుగు సార్లు, కాస్త అటూ ఇటూ.
వెడల్పు గిన్నెకి అంతకంటే తక్కువ.
బయటి ఊపు వచ్చి లోపలి ఊపుతో కలిసిందా,
వేళ చూసి తోసిన ఉయ్యాలే ఇక,
చిటికెన వేలు చాలు.

నిండుకుండ తొణకదంటారు.
అది మెడ ఇరుకైన కుండ మాట.
నిండు గ్లాసు ఆ సామెత వినలేదు.

నురగ ఉంటే వేరు.
కాఫీ మీద నురగ పెద్దమనిషిలా కూర్చుని
అలని గోడ దగ్గరే నిలేస్తుంది.
రాగి గిన్నెలో చిలికిన మజ్జిగైతే
పరుగెత్తే పిల్లాడు కూడా చొక్కా తడుపుకోడు.
టీకి నురగ లేదు, మూత లేదు,
పైగా అంచుదాకా పోయకపోతే బేరగాడు చిన్నబుచ్చుకుంటాడు.
ఒలకడానికే పుట్టింది.

దాన్నే జుల్కుఫ్ పన్నెండు గ్లాసుల్లో మోస్తాడు.
మూడు గొలుసుల ట్రే, పైన ఒక ఉంగరం,
ఉంగరంలో ఒక్క వేలు.
తోపుడు బళ్ళని తప్పిస్తూ, మెట్లు దిగుతూ,
బుద్ధి పుడితే పిల్లల కోసం
ట్రేని గిర్రున తల మీదుగా తిప్పుతూ.
ట్రే ఎటు వాలితే టీ అటే వాలుతుంది.
పక్క అనేదొకటి ఉందని దానికి తెలియదు,
ఎక్కడున్నా గ్లాసు అడుగే దానికి నేల.

పోయిన చలికాలం నుంచీ
అతని కుడి చెయ్యి వణుకుతోంది.
సుత్తి కంటే నెమ్మది, నడక కంటే జోరు.
ఫెరీదె చూసింది, లెక్కపెట్టింది, ఏమీ అనలేదు.
నేనూ లెక్కపెట్టాను.
పళ్ళేల మీద పువ్వులు చెక్కే చేతికి లెక్క అలవాటే.
సెకనుకి నాలుగు.
కాస్త అటూ ఇటూ.

ఆ వణుకు ఉంగరం దాకా వస్తుంది,
గొలుసుల్లో దిగుతూ దిగుతూ దారి తప్పుతుంది.
బరువైన ట్రే తన పాటికి తాను
తాపీగా ఊగుతుంటుంది.
పన్నెండు గ్లాసులూ పొడి సాసర్లలో దిగుతాయి.
చెయ్యి వణికినా చుక్క రాలదు చూడండి అని
బజారంతా మెచ్చుకుంటుంది.

అతను టీ తాగగా మాత్రం ఎవరూ చూడలేదు.
ఉపవాసమన్నాడు ఒకసారి,
రంజాన్ కాని నెలలో.

మొన్న దీపాల వేళకి ముందు
నా కొట్టు పక్క కొక్కేనికి ట్రే తగిలించాడు.
నడుమ ఒక్కటే గ్లాసు.
ఊగడం ఆగేదాకా చూశాడు.
చేతులు రెండూ వెనక్కి కట్టుకుని
వంగాడు.
గ్లాసు రాలేదు అతని దగ్గరికి,
పెదవులే వెళ్ళాయి.
కళ్ళు మూసుకుని, అంచు మీది ఆ కాస్తా
చప్పుడు చేస్తూ పీల్చాడు.

ఈ బజారులో చప్పుడుకి ఎవరూ తిరగరు.
ఒక్క సుత్తి ఆగితే మాత్రం
పది తలలు లేస్తాయి.

నేను ఆపలేదు.
అదే పళ్ళెం, అదే పువ్వు, అదే రేకు,
అక్కడే కొడుతూ ఉన్నాను.
అతను మూతి తుడుచుకుని వెళ్ళేసరికి
రేకు మధ్యలో
వెలుతురు కనపడింది.